మీసం మెలేసిన మనవడికి పండుగ కానుక ఏమియ్యాలె?

దసరా దాటిందంటే మా ఇళ్లల్లో ఒక తలనొప్పి మొదలవుతుంది. దీపావళికి పుణె నుంచి, బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి పిల్లలు సోలాపూర్ వస్తారు. వాళ్ల చేతిలో ఏం పెట్టాలె? వెనకట ఈ ప్రశ్నే లేదు. మగపిల్లవాడికి షర్టు పీసు, ప్యాంటు పీసు. ఆడపిల్లకు చీర, రవికె గుడ్డ. పైన ఒక స్టీలు డబ్బా నిండా లడ్లు. ఇచ్చేవాళ్లకు తిప్పలు లేదు, తీసుకునేవాళ్లకూ తిప్పలు లేదు.

ఇప్పుడు ఇంటికొకరు చొప్పున కొత్త రకం మనుషులు తయారయ్యారు. హిప్‌స్టర్లు అంటారట. మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు, గుర్తుపట్టడం కష్టమేం కాదు. గడ్డం మా తాత గడ్డం కన్నా పొడుగు, కాకపోతే దానికి ప్రత్యేకంగా ఒక నూనె. మీసం కొసలు మెలేసి ఉంటాయి. కాఫీ పొడిని తక్కెడలో తూచి, వేడినీళ్లు సన్నటి ధారగా పోసి, పాలూ చక్కెరా లేకుండా తాగుతారు. జేబులో ఫోను ఉన్నా ఫోటోలు రీలు కెమెరాతోనే. పాటలన్నీ ఫోనులో వస్తున్నా ఇంట్లో గ్రామఫోను ప్లేట్లు. భుజాన గుడ్డ సంచి, అచ్చం మా అవ్వ కూరగాయలకు పట్టుకుపోయే సంచిలాంటిదే. దాని ధర విన్న అవ్వ ఆ పూట అన్నం సగమే తిన్నది.

వీళ్లకు షర్టు పీసు ఇస్తే మర్యాదగా తీసుకుంటారు, మర్యాదగా బీరువాలోనే వదిలిపోతారు. బజారులో దొరికే ఖరీదైన వస్తువు ఇస్తే, "ఇది అందరి దగ్గరా ఉంది కదా అత్తా" అంటారు. వీళ్లకు కావలసింది వేరే. చేత్తో చేసిందై ఉండాలె, అందరి దగ్గరా ఉండొద్దు, దాని వెనక చెప్పుకోవడానికి ఒక సంగతి ఉండాలె. ఈ మూడూ విన్నాక మాకు అర్థమైందేమిటంటే, అట్లాంటి వస్తువుల మధ్యనే మేము నాలుగు తరాలుగా కాపురం చేస్తున్నాం. నిజాం ఇలాకా నుంచి మగ్గం పని వెతుక్కుంటూ ఈ ఊరు చేరిన పద్మశాలి ఇళ్లు మావి. సోలాపూర్ తూర్పు భాగంలో ఏ గల్లీకి పోయినా సాంచాల చప్పుడు, ఆ చప్పుడులో తెలుగు వినిపించేవి.

అందుకని ఈసారి మా అక్కచెల్లెళ్లం, వదినలం, కాకలం కూర్చుని ఒక జాబితా రాసుకున్నాం. ప్రవాసంలో ఉన్న తెలుగు ఇళ్లకు పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాం. జాబితా చివర, ఇవ్వకూడని వస్తువు కూడా ఒకటి ఉంది. దాని గురించి మా ఇంట్లో గట్టి వాదనే జరిగింది.

సోలాపూరీ చాదర్, కప్పుకోవడానికి మాత్రమే కాదు

మొదట మన ఊరి సరుకే చెప్పుకుందాం. సోలాపూర్ చాదర్‌కు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. బయట ఊళ్లలో రోడ్డు పక్కన కుప్పలు పోసి 'సోలాపూరీ' అని అమ్మేవన్నీ మనవి కావు. అసలుదాన్ని గుర్తుపట్టడం ఎట్లా అంటే, నూలు చాదర్ అయి ఉండాలె, చేతిలో బరువు తెలియాలె. తిరగేసి చూస్తే అదే డిజైను రంగులు తారుమారై కనిపించాలె. ఇటు ఎర్ర మీద పచ్చ పువ్వు అయితే, అటు పచ్చ మీద ఎర్ర పువ్వు. ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది.

ఇంతకాలం ఇది పెండ్లికి పెట్టే వస్తువు, చలికాలం కప్పుకునే వస్తువు. ఇప్పుడు మా పుణె మేనకోడలు దీనితో జాకెట్టు కుట్టించుకుంది. రవికె కాదు, చలికి వేసుకునే పొట్టి కోటు. చాదర్ అంచు సరిగ్గా కోటు అంచుకు వచ్చేటట్టు, వీపు మీద నెమలి పడేటట్టు టైలరుతో మూడుసార్లు విప్పించి కుట్టించింది. వాళ్ల ఆఫీసులో నలుగురు ఎక్కడ దొరుకుతుందని అడిగారట.

మీరు కుట్టించి ఇవ్వొద్దు. చాదర్ ఇచ్చి, మీ నమ్మకమైన టైలరు దగ్గర కుట్టుకూలి ముందే కట్టి, కొలతలకు పిల్లలనే పంపండి. వాళ్లకు ఏది నచ్చుతుందో మనకు తెలియదు, టైలరుకు అంతకన్నా తెలియదు. ఒకటే జాగ్రత్త చెప్పండి. నూలు మందం, కత్తెర పడ్డచోట పోగులు ఊడుతాయి. కత్తిరించిన వెంటనే అంచులకు ఓవర్‌లాక్ వేయించాలె. కుట్టకముందు ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేస్తే, తర్వాత గుంజుకుపోదు.

చిల్లుల అట్టముక్కలు, సాఫ్ట్‌వేర్ పిల్లలకు

చాదర్ మీద నెమలి ఎట్లా వస్తుందో అడిగితే మా పిల్లల్లో సగం మందికి తెలియదు. సాంచా నెత్తిమీద జకార్డు ఉంటుంది. దానికి చిల్లులు కొట్టిన అట్టముక్కల దండ తగిలిస్తారు. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు లెక్క. చిల్లు ఉన్నచోట కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది, చిల్లు లేనిచోట పోగు కిందనే ఉంటుంది. లేచిన పోగుల కిందినుంచి నాడె దూసుకుపోతుంది. తర్వాతి అట్ట వస్తుంది. ఇట్లా వందల అట్టలు వరసగా తిరిగితే ఒక నెమలి.

ఉంది, లేదు. ఒకటి, సున్నా. సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జోసఫ్ మారీ జకార్డ్ ఈ యంత్రాన్ని 1804 ప్రాంతంలో తయారు చేశాడు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి సూచనలు ఇవ్వడానికి ఇట్లాంటి చిల్లుల అట్టలే వాడాలని తలపెట్టాడు. 1839లో జకార్డ్ బొమ్మను పట్టు మీద నేశారు. దానికి దాదాపు 24,000 అట్టలు పట్టాయి. చూసినవాళ్లు అచ్చు వేసిన బొమ్మ అనుకునేంత సన్నగా వచ్చింది. ఆ పట్టుబొమ్మ ఒకటి బాబేజ్ దగ్గర ఉండేది. తర్వాత 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హొలెరిత్ చిల్లుల అట్టలతోనే తేల్చాడు. ఆయన పెట్టిన కంపెనీ మరికొన్నిటితో కలిసి, చివరికి ఐబీఎం అయింది.

ఇప్పుడు చాలా కార్ఖానాల్లో ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాయి, పాత అట్టలు మూలన పడ్డాయి. మా కాక కార్ఖానా అటక మీద ఇట్లాంటి దండలు మూటలు మూటలు ఉన్నాయి. ఒక పది అట్టల తునక తీసుకుని, దుమ్ము దులిపి, అద్దం వేయించి, దాని పక్కనే ఆ అట్టలతో నేసిన చాదర్ ముక్క పెట్టించాం. బెంగళూరులో కోడింగ్ చేసే మా అన్నకొడుకుకు ఇది ఈసారి కానుక. వాడి బల్ల ముందు గోడకు వేలాడుతుంది. "మీరేం చేస్తారు, మా తాతలు కూడా ఇదే చేశారు" అని వాడు చెప్పుకోవచ్చు, అందులో అబద్ధం ఏమీ లేదు.

అట్టలు కావాలంటే మీ ఊళ్లో జకార్డు నేసే కార్ఖానాకు పోయి అడగండి. ఊరికే తీసుకోవద్దు. చిత్తు కాగితం ధర కన్నా మంచి ధర ఇచ్చి తీసుకోండి.

నాడె, దారంతో సహా

ఈ వస్తువు దగ్గర మా ఇంట్లో మొదటి మాట పడింది. కర్ర నాడె, రెండు కొసలా ఇనుప మొనలు, అరచేతుల్లో ఏళ్ల తరబడి తిరిగి నున్నగా మెరిసేది. పట్నాల్లో అలంకరణ సామాన్ల దుకాణాల్లో దీన్ని కొవ్వొత్తి పెట్టే దిమ్మెగా అమ్ముతున్నారు. మనమూ అట్లా ఇద్దామని ఒక వదిన అంటే కాకకు నచ్చలేదు.

"నాడె అంటే ఏమనుకుంటున్నరు? సాంచా మీంచి ఎగిరొచ్చి తగిలిందంటే పన్ను రాలుతది. నలభై ఏండ్లు దాని ముందు నిలబడ్డ నేను. దాని మీద మైనం కరగబెడ్తరా?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే లేచి అల్మారా లోంచి ఒక నాడె తీశాడు. గుడ్డతో తుడిచి కొబ్బరినూనె రాశాడు. అందులో ఎర్ర నూలు చుట్టిన కండె ఒకటి బిగించి, కొస దారాన్ని నాడె కన్నులోంచి బయటికి లాగాడు. "ఇయ్యాలంటే ఇట్లియ్యిండ్రి. ఖాళీ నాడె ఇయ్యొద్దు. ఖాళీ నాడె అంటే పని బందైనట్టు."

మేము ఆ మాటే పట్టుకున్నాం. మీరు కూడా నాడె ఇస్తే కండెతో, దారంతో ఇవ్వండి. పుస్తకాల అరలో పెట్టుకుంటారో, కాగితాల మీద బరువుకు పెట్టుకుంటారో వాళ్లిష్టం. వచ్చినవాళ్లు ఇదేమిటని అడిగినప్పుడు దారం లాగి చూపిస్తే, నేత అంటే ఏమిటో రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

తేలియా రుమాలు

మెడకు, తలకు ఏదో ఒక గుడ్డ కట్టుకోకుండా హిప్‌స్టర్ ఉండడు. ఎక్కడో దూరదేశపు బండానా ఎందుకు? యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నేసే తేలియా రుమాలు ఉంది. ఒకప్పుడు చీరాలలోనూ బాగా నేసేవాళ్లు. ఎరుపు, నలుపు, తెలుపు. చదరపు గడుల్లో ఇక్కత్ బొమ్మలు. నేసే ముందే నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో మళ్లీ మళ్లీ నానబెట్టి ఎండేస్తారు. రోజుల తరబడి చేసే పని ఇది. నూనె పట్టిన నూలు రంగును గట్టిగా పట్టుకుంటుంది, గుడ్డ మెత్తగా ఉంటుంది. కొత్త రుమాలుకు సన్నగా నూనె వాసన ఉంటుంది, పేరు కూడా దాంతోనే వచ్చింది. చేపలు పట్టేవాళ్లు తలకు చుట్టుకున్నారు, సముద్రం దాటి అరబ్బు దేశాలకు కూడా పోయింది. 2020లో దీనికి జీఐ వచ్చింది.

అచ్చు వేసిన నకిలీలు బోలెడు. తిరగేసి చూడండి. ఇక్కత్‌లో పోగుకే రంగు ఉంటుంది కాబట్టి రెండు పక్కలా బొమ్మ ఒకే తీరుగా కనిపిస్తుంది, అంచుల్లో కొంచెం చెదిరినట్టు ఉంటుంది. ఆ చెదురు తప్పు కాదు, చేతిపని గుర్తు. అచ్చు గుడ్డకు వెనకపక్క వెలవెలబోతుంది. ఇచ్చేటప్పుడు పిల్లలకు ముందే చెప్పండి, నూనె వాసన వస్తుందని దుకాణానికి వాపసు పంపొద్దని.

చేర్యాల మొగాలు

గోడకు ఏదైనా కావాలనేవాళ్లకు సిద్దిపేట జిల్లా చేర్యాల బొమ్మలు. రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి ముద్ద చేసి, మొగాలు తీర్చి, రంగులు దిద్దుతారు. పెద్ద కండ్లు, ఎర్రటి, పసుపు పచ్చటి ముఖాలు, బొట్టు, ముక్కుపోగు. గ్రామఫోను ప్లేట్ల పక్కన పెడితే మా మేనల్లుడి గదిలో వాటికవే చిరునవ్వు నవ్వుతున్నట్టు ఉన్నాయి.

మా పద్మశాలి ఇళ్లకు ఈ బొమ్మలతో ఇంకొక బంధం ఉంది. చేర్యాల నకాశీలు గుడ్డ మీద పొడుగాటి పటాలు గీసేవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో కథ. మన మార్కండేయ పురాణం పటాన్ని పట్టుకుని కూనపులివాళ్లు ఊరూరా తిరిగి, పటం విప్పుతూ కథ చెప్పేవాళ్లు. సోలాపూర్‌లో రాఖీ పున్నమినాడు మార్కండేయుడి రథం లాగే పిల్లలకు ఆ దేవుడు ఎవరో తెలుసు. ఆ కథను బొమ్మల్లో చూసినవాళ్లు తక్కువ. ఒక చిన్న పటం, ఒక్క ఘట్టం ఉన్నది చాలు, ఇవ్వండి. కథ మాత్రం పెద్దవాళ్లు ఎవరైనా దగ్గర కూచోబెట్టుకుని చెప్పాలె.

కాఫీకి, రాతకు, నోటికి

కాఫీ తూచి తాగే వాళ్లకు అరకు గింజలు. అరకు లోయ అరబికాకు 2019లో జీఐ వచ్చింది. తూర్పు కనుమల్లో అడవి బిడ్డలు చెట్ల నీడన పండించే కాఫీ అది. పొడి చేయించొద్దు, గింజలే ఇవ్వండి. పొడి వాళ్లే చేసుకుంటారు, అదొక పూజ. వేయించిన తేదీ సంచి మీద చూసి కొనండి. నెలల కిందటివి ఇస్తే మొగమాటానికి తీసుకుంటారు గాని తాగరు.

కాగితం మీద రాసే సరదా ఉన్నవాళ్లకు రాజమహేంద్రవరం రత్నం పెన్ను. స్వదేశీ ఉద్యమం రోజుల్లో, మన దేశంలోనే చేసిన పెన్ను కావాలన్న పట్టుదలతో పుట్టింది. ఎబొనైట్ కడ్డీని తిప్పుతూ చెక్కి చేస్తారు. అట్లాంటి పెన్నులో సిరా పోసుకుని, తెలుగులో ఒక్క సంతకమైనా చెయ్యమనండి. మా పిల్లల్లో మరాఠీ బడి చదివినవాళ్లే ఎక్కువ. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయడం రాదు. సంతకానికి కావలసింది అయిదారు అక్షరాలే, ఒక ఆదివారం చాలు.

ఇక తిండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటినుంచి జొన్నలకు పట్నంలో కొత్త గౌరవం వచ్చింది. మన సోలాపూర్ కడక్ భాకరీ, అంటే పల్చగా చేసి కరకరలాడేటట్టు కాల్చిన జొన్నరొట్టె, చాలా రోజులు నిలువ ఉంటుంది. దానితో రోట్లో దంచిన శేంగా చట్నీ, పల్లీల నూనె పైకి తేలాలె. మా వదినలు వాము, నువ్వులు వేసి గుడ్డ మీద చుట్టే సకినాలు ఒక డబ్బా. పుణెలో ఇవే రంగు కాగితంలో చుట్టి అమ్ముతున్నారు. మనం పాత స్టీలు డబ్బాలో ఇద్దాం. డబ్బా మీద అవ్వ పేరు చెక్కి ఉంటే ఇంకా మంచిది. డబ్బా వాపసు రాదని మాత్రం మనసు రాయి చేసుకోండి.

ఇవ్వకూడనిది

ఇప్పుడు ఆ వాదన సంగతి. మా మేనకోడలు అవ్వ ఇంటికి పోయినప్పుడు మూలన ఉన్న చాట చూసింది. వెదురు చాట, అంచులు అరిగి, చేతి చెమటకు నల్లబడి, మధ్యలో తునికాకు మరకలు. "అవ్వా, ఇది నాకియ్యవా? టేబుల్ మీద పండ్లు పెట్టుకుంట. ఎంత బాగున్నదో" అంది.

అవ్వ ఆ చాట ఒళ్లో పెట్టుకుని యాభై ఏండ్లు బీడీలు చేసింది. తునికాకు తడిపి, కత్తెరతో కోసి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, వెయ్యి బీడీల లెక్కన కూలి. సోలాపూర్‌లో మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు చాటల ముందు, ఇదే మన కుటుంబాల లెక్క. కుంభారిలో బీడీ కార్మిక మహిళలకు కట్టిన పది వేల ఇళ్ల కాలనీ ఉంది, 2006లో తాళాలు చేతికొచ్చాయి. అవ్వ ఇల్లు అక్కడే. ఆ ఇంటి ఇటుకల్లో చాలా ఆ చాటలోంచి వచ్చినవే.

అవ్వ కోపం చెయ్యలేదు. "ఇది ఇయ్యనే బిడ్డా" అంది. "దీన్ల నా కండ్లు పోయినయ్. నడుము పోయింది. మీ నాయన చంటిపోరడప్పుడు ఈ తంబాకు ఘాటుకు దగ్గుతుంటే, అట్లనే పక్కన పండబెట్టుకుని చేసిన. నీకు బాగున్నట్టు కానొస్తది. నాకు కానరాదు. చూస్తే చేతులు నొస్తయ్."

పిల్ల ఏడ్చింది. తనది చెడ్డ బుద్ధి కాదు, అవ్వ చేతి వస్తువు దగ్గర పెట్టుకోవాలన్న ప్రేమే. ఇంట్లో కొందరం పిల్ల పక్షాన మాట్లాడాం. వస్తువు పోతే జ్ఞాపకం పోతుంది కదా, పండ్లు పెట్టుకుంటే తప్పేముంది అని. కొందరం అవ్వ పక్షం. కష్టపడ్డవాళ్లకు తప్ప ఆ కష్టం ఎవరికైనా అందంగానే కనిపిస్తుంది అని. రాత్రి పన్నెండు దాకా సాగింది, తేలలేదు.

తేలకపోయినా ఒక పద్ధతి అనుకున్నాం. పాత వస్తువు కానుకగా ఇచ్చే ముందు, దానితో పనిచేసిన మనిషి ఉంటే ఆ మనిషినే అడగాలె. కాక నాడె ఇచ్చాడు, తన షరతు చెప్పి ఇచ్చాడు. అవ్వ చాట ఇవ్వలేదు, అదీ ఆమె హక్కే. ఎంత ముచ్చటగా ఉన్నా, ఎంత పాతదైనా, వాళ్లు వద్దంటే వద్దు. మేనకోడలికి అవ్వ ఆ చాటకు బదులు తన దారం రీలు కూడా ఇవ్వలేదు. కొత్త చాట ఒకటి బజారు నుంచి తెప్పించి ఇచ్చింది, వెదురు పచ్చగా, ఎవరి మరకలూ లేనిది. పిల్ల దాంట్లోనే సీతాఫలాలు పెట్టుకుంటున్నది.

ఇచ్చేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

మొదటిది, కానుకతో ఒక చీటీ పెట్టండి. వస్తువు పేరు తెలుగు అక్షరాల్లో, దాన్ని ఏ ఊళ్లో ఎవరు చేశారో రెండు వాక్యాల్లో. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు. ఈ మాటలు మా ఇళ్లల్లో ఒకప్పుడు రోజూ అనుకునేవే. ఇప్పటి పిల్లలు చేనేత దుకాణంలో 'వార్ప్', 'వెఫ్ట్' అని చదివి వస్తారు, అవి తమ ఇంటి మాటలేనని తెలియదు. మాట తెలిస్తే ఎక్కడైనా వాడతారు.

రెండోది, బేరం ఆడొద్దు. పుట్టపాకలో, చేర్యాలలో, మన గల్లీలో చేసేవాళ్లు రోజుకూలి లెక్కన బతికేవాళ్లు. పట్నం దుకాణంలో చెప్పిన ధర నోరెత్తకుండా కట్టి, ఇక్కడ పది రూపాయలకు పంచాయతీ పెట్టడం బాగుండదు.

మూడోది, ముందుగా చెప్పండి. చేతిపని పండుగకు నాలుగు రోజుల ముందు చెప్తే కాదు. చాదర్ మీద పిల్లల పేరు తెలుగులో నేయించాలన్నా కుదురుతుంది, ఎలక్ట్రానిక్ జకార్డు ఉన్నచోట డిజైను కంప్యూటర్లో వేసి ఇస్తే నేస్తారు. కాకపోతే ఒక్క చాదర్ కోసం సాంచా సర్దడం ఎవరికీ గిట్టదు. అక్కచెల్లెళ్ల పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు అందరికీ కలిపి ఒకే డిజైను, ఇంటిపేరుతో, ఒకేసారి చెప్పండి.

నాలుగోది, సోలాపూర్ దూరమైతే మీ ఊరి పనే వెతకండి. బరంపురంలో ఉన్నవాళ్లకు బరంపురం పట్టు ఉంది. కర్ణాటకలో చన్నపట్న లక్కబొమ్మలు, ఆంధ్రలో ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మలు ఉన్నాయి. మీ తాతలు ఏ పని మీద ఆ ఊరు చేరారో ఆ పని వస్తువు దొరికితే అన్నిటికన్నా మేలు.

మా కాక కార్ఖానాలో ఎనిమిది సాంచాలు ఉండేవి. అయిదు ఆగిపోయాయి, రెండింటిని ఇనుము కొనేవాడు కిలోల లెక్కన తూచి తీసుకుపోయాడు. మూడు ఆడుతున్నాయి. దీపావళి తర్వాత వాటి సంగతి చూస్తానంటున్నాడు కాక. అట్ట ఫ్రేములు, జాకెట్లు కార్ఖానాను నిలబెడతాయని మేము అనుకోవడం లేదు. ముప్పై చాదర్ల ఆర్డరు మూడు సాంచాలకు ఎన్ని రోజుల పని అవుతుందో కాకకే తెలుసు. అయినా ఈసారి మా పిల్లలందరికీ కలిపి ముప్పై చాదర్లు చెప్పాం. అంచున ఇంటిపేరు తెలుగులో. పుణె మేనకోడలు డిజైను గీసి పంపింది, 'ళ' అక్షరం తిరగబడి ఉంటే అవ్వ మనవరాలే సరిదిద్దింది. కాక చూసి, "నూలు రంగు మంచిగ లేదు, నేను చూస్త" అన్నాడు. నిన్న ఎర్ర నూలు తెచ్చాడు.

మీ ఇంటి గడ్డం పిల్లవాడికి, ముక్కుపోగు పిల్లకు ఏమిచ్చారో మాకూ చెప్పండి. అందరికీ దీపావళి శుభాకాంక్షలు.